బద్ధకం కాదు, రక్తం తక్కువ

మా పాపకి తొమ్మిదేళ్లు. సాయంత్రం హోంవర్క్‌కి కూర్చుంటే చాలు, పెన్సిల్ చేతిలో ఉండగానే తల పుస్తకం మీద వాలిపోయేది. బద్ధకమని రోజూ తిట్టేదాన్ని, తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మల్కాజిగిరిలో మా ఇంటి దగ్గరి డాక్టరమ్మ కింది కనురెప్ప లాగి చూసి రక్తపరీక్ష రాశారు. హిమోగ్లోబిన్ 9.8. ఆ వయసుకి కనీసం 11.5 ఉండాలి. ఐరన్ సిరప్ ఇచ్చి, తిండి సంగతులు అడిగితే టీ బయటపడింది. అన్నం తినగానే నానమ్మ కప్పులో పాప ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని, మిగిలిన టీ కూడా తాగేసేది. భోజనంతో టీ తాగితే ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు.

అత్తయ్యని ఒప్పించడానికే వారం పట్టింది! ఐరన్ బాగా పట్టేలా తోటకూర పప్పులో నిమ్మకాయ పిండడం మొదలుపెట్టాం. మూడు నెలలకి 11.9. నిన్న ఎక్కాలు తనే అప్పజెప్పింది, పదిహేడో ఎక్కం దగ్గర మాత్రం ఆగింది.