పగ్గంలో ‘జి’ లేదు

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర నాది చిన్న డీటీపీ షాపు. మొన్న దేవరకొండ దిక్కు నుంచి ఓ టీచరమ్మ ఉద్యోగ దరఖాస్తు తెచ్చింది. హెడ్మాస్టర్ తనకు ‘ఫ్రీ రెయిన్’, అంటే పూర్తి స్వేచ్ఛ, ఇచ్చాడని రాసుకుంది, ఆర్-ఇ-ఐ-జి-ఎన్ అని.

“కంప్యూటర్ల ఎర్రగీత రాలేదన్నా!” అన్నది.

రాదు. అదీ ఇంగ్లీషు మాటే, కాకపోతే రాజ్యపాలన అని అర్థం. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911 నుంచి 1948 దాకా చేసింది ఆ రెయిన్. ఈమెకు కావలసింది గుర్రం పగ్గం: ఆర్-ఇ-ఐ-ఎన్. పలికితే రెండూ ఒకటే, వాన కూడా అంతే. నేనూ చాలా ఏండ్లు ‘జి’ పెట్టే టైపు కొట్టాను.

మా నాయిన పానగల్లు నుంచి బండి తోలుకొస్తూ, చెరువు దాటంగనే పగ్గాలు వదులు చేసి చుట్ట ముట్టించేటోడు. ఎడ్లు వాటంతట అవే ఇంటి దారి పట్టేవి. పగ్గాలు మాత్రం ఆయన చేతిలోనే ఉండేవి. ఇంగ్లీషులో ఎడ్లకు బదులు గుర్రం, అంతే తేడా.

అందుకే ఈ మాట రాస్తే ఎవరు వదులు చేశారో, ఏ పనికో కూడా రాయాలి. ‘ద హెడ్మాస్టర్ గేవ్ మి ఫ్రీ రెయిన్ టు ప్లాన్ ద సైన్స్ ఫెయిర్’ అంటే సరిపోతుంది. ‘ఫ్రీ’కి ముందు ‘ఎ’ అక్కర్లేదు, చివర ‘ఎస్’ వద్దు. ఆ తర్వాతి వాక్యంలో మీరేం చేశారో చెప్పండి, లేకుంటే సొంత డబ్బా అనుకుంటారు. ఖాళీ సమయం దొరికిందని చెప్పడానికి మాత్రం ఇది వాడకండి.

మనం పత్రికల్లో చదివే ‘పగ్గాలు చేపట్టడం’ వేరు. అది ‘టేక్ ద రెయిన్స్’, అక్కడ ‘ఎస్’ ఉండాలి. ఖర్చులకు పగ్గం వేయడం ‘రెయిన్ ఇన్’. వీటిలోనూ ‘జి’ రాదు.

“గుర్తెట్లుంటదన్నా?” అన్నది టీచరమ్మ.

“గద్దెకు ‘గ’ ఉంది, రాజు రెయిన్‌కు ‘జి’ ఉంది” అన్నాను.

“పగ్గంల రెండు ‘గ’లున్నయి గదా!”

మొదటి అక్షరం చూడమ్మా అని చెప్పి, కాగితం దిద్ది ఇంకో ప్రింటు తీసిచ్చాను.