చప్పుడు చేయని, తలకు సరిపోయే హెల్మెట్ ఎలా ఎంచుకోవాలి?

నేను అనంతపురంలో ఉంటాను. డ్రిప్ పైపుల పని మీద వారంలో నాలుగైదు రోజులు గార్లదిన్నె, పామిడి, గుత్తి వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద బైకులోనే తిరుగుతాను. ఇన్నేళ్లలో నాకు, ఇంట్లోవాళ్లకు, ఆఫీసులో పిల్లలకు కలిపి ఇరవైకి పైగా హెల్మెట్లు దగ్గరుండి ఇప్పించాను. ఇప్పటికీ రోడ్డు మీద చూస్తే సగం మంది తలకంటే పెద్ద హెల్మెట్ పెట్టుకుని, గాలికి అది ఊగుతుంటే ఒక చేత్తో పట్టుకుని పోతుంటారు. పైగా "ఈ కంపెనీది సౌండ్ ఎక్కువ" అంటారు. కంపెనీ ఏదైనా సరే, వదులుగా ఉన్న హెల్మెట్ మోత పెడుతుంది. తలకు అతుక్కుని కూర్చున్నదే నిశ్శబ్దంగా ఉంటుంది.

నా మొదటి హెల్మెట్ ఒక సైజు పెద్దది. షాపులో కుర్రాడు "టైటుగా ఉంటే తలనొప్పి వస్తాది అన్నా, కొంచెం లూజు ఉంటే గాలి ఆడతాది" అన్నాడు, నేను నమ్మాను. పామిడి దగ్గర పెన్న వంతెన మీద ఒక లారీ నన్ను దాటుకుని పోయినప్పుడు హెల్మెట్ మొత్తం పైకి లేచింది, బెల్టు గొంతుకు పట్టుకుంది. ఆ రాత్రి పడుకునేదాకా చెవుల్లో గుయ్యిమని ఒకటే హోరు.

ఆ హోరును తేలిగ్గా తీసుకోవద్దు. రోజుకు ఎనిమిది గంటలు వినాల్సి వస్తే 85 డెసిబెల్స్ వరకే చెవికి సురక్షితం అని వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగానికి పడిపోతుంది. అంటే 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో హెల్మెట్ లోపల 90 డెసిబెల్స్ దాటడం మామూలే. అది ఇంజన్ చప్పుడు కాదు, గాలి చప్పుడు. మన దగ్గర ఆ గాలికి కొదవ లేదు. రామగిరి కొండల మీద, కడవకల్లు దగ్గర గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి హైవేకు అడ్డంగా కొడుతుంది.

షాపుకు పోయేముందు

ఫుల్ ఫేస్ హెల్మెటే తీసుకోండి. హాఫ్ హెల్మెట్‌లో గదవకు (గడ్డానికి) రక్షణ ఉండదు, చెవుల దగ్గర గాలి సుడులు తిరుగుతుంది. ముందు భాగం పైకి లేచే ఫ్లిప్-అప్ రకం కూడా వద్దు. అందులో అతుకులు ఎక్కువ, ప్రతి అతుకూ గాలికి ఒక దారే. పైన టోపీలాంటి పీక్ ఉన్నవి, వెనక రెక్కలు అతికించినవి చూడటానికి బాగుంటాయి గానీ హైవే మీద ఈల వేస్తాయి. రంగు తెలుపు. కర్నూలులో, అనంతపురంలో మే నెల ఎండకు నల్ల హెల్మెట్ బైకు మీద పెట్టి పదినిమిషాలు వదిలేసి చూడండి, చేత్తో తాకలేరు.

ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. 2021 జూన్ 1 నుంచి అది లేని హెల్మెట్ అమ్మడమే నేరం. గుర్తు పైన ఐఎస్ 4151 అని, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్స్ నంబరు ఉండాలి. ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీదో వస్తుంది. వచ్చిన పేరు, హెల్మెట్ మీద పేరు ఒకటి కాకపోతే అక్కడే పెట్టేసి వచ్చేయండి. రోడ్డు పక్కన తాడుకు వేలాడదీసి అమ్మేవాటి దగ్గర ఆగనే వద్దు. లోపల థర్మోకోల్ బదులు ఉత్త స్పాంజి ఉంటుంది, కింద పడితే అది తలను ఆపలేదు.

తల కొలవడం రెండు నిమిషాల పని. టైలర్ టేపు తీసుకుని, కనుబొమ్మలకు ఒక అంగుళం పైన మొదలుపెట్టి, చెవుల పైనుంచి, వెనక తల బాగా ఉబ్బిన చోటు మీదుగా చుట్టండి. మూడుసార్లు కొలిచి పెద్దది రాసుకోండి. మన కంపెనీలు సైజును ఎక్కువగా మిల్లీమీటర్లలో 580, 600 అని వేస్తాయి. 58 సెంటీమీటర్ల తలకు 580. కానీ ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ లార్జ్ కావచ్చు, కాబట్టి ఈ అంకె షాపులో ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుందంతే. ఆన్‌లైన్‌లో అంకె చూసి తెప్పించుకున్నవాళ్లు సగం సార్లు వెనక్కి పంపుతుంటారు. మిగతా సగం సార్లు పంపడానికి బద్ధకించి వదులుదే వాడుకుంటారు, అది ఇంకా ఘోరం.

అసలు కష్టం ఇక్కడే: తలకు పెట్టి చూడటం

షాపుకు మధ్యాహ్నం రద్దీ లేనప్పుడు పోండి. ఒక్కో హెల్మెట్‌కు ఇరవై నిమిషాలు కావాలి. జనం ఉన్నప్పుడు షాపువాళ్లు అంతసేపు ఓపిక పట్టరు, మీకూ మొహమాటం. రోజూ హెల్మెట్ కింద ఏం ఉంటుందో అదే పెట్టుకుని పోండి. కర్చీఫ్ కట్టుకునేవాళ్లు కట్టుకుని, కళ్లజోడు ఉన్నవాళ్లు జోడుతో, ఆడవాళ్లు రోజూ వేసుకునే జడతోనే. మా అక్క ముడి విప్పేసి షాపులో చూసుకుంది. మర్నాడు ముడి వేసుకుని పెట్టుకుంటే హెల్మెట్ ముందుకు జరిగి కనుబొమ్మల మీద కూర్చుంది.

బెల్టు రెండు చివరలూ పట్టుకుని బయటికి లాగుతూ తలమీదికి దించండి. దిగేటప్పుడు చెవులు కాస్త ఒరుసుకోవాలి. సులువుగా జారి దిగిందంటే అది పెద్దది, ఇంక చూడనక్కర్లేదు. దిగాక అద్దంలో చూసుకోండి. బుగ్గలు లోపలికి నొక్కుకుని నోరు చేపమూతిలా ముందుకు రావాలి. చాలామంది ఇక్కడే భయపడి పెద్ద సైజు అడుగుతారు. భయపడొద్దు. బుగ్గల దగ్గరి స్పాంజి నెల రోజుల వాడకానికి అణిగి వదులవుతుంది. మొదటి రోజే హాయిగా ఉన్న హెల్మెట్ రెండో నెలలో ఊగుతుంది.

కానీ బుగ్గల బిగువు వేరు, నుదుటి నొప్పి వేరు. ఈ రెండూ కలిపేసుకునే జనం తప్పు కొంటారు. బుగ్గల దగ్గర ఉండేది మెత్తటి ప్యాడ్, అది అణుగుతుంది. నుదురు, కణతలు, వెనక తల దగ్గర గుడ్డ కింద వెంటనే గట్టి థర్మోకోల్ ఉంటుంది. అది అణగదు, అణగకూడదు కూడా. ప్రమాదంలో దెబ్బను నలిగి మింగేది అదే. కాబట్టి నుదుటి మీద ఒకే చోట పోటు వస్తుంటే "వాడేకొద్దీ సర్దుకుంటుంది" అన్న మాట వినొద్దు. అది సర్దుకోదు.

అందుకే ఇరవై నిమిషాలు. బెల్టు పెట్టుకుని షాపులో తిరగండి, ఫోన్ చూసుకోండి, టీ తెప్పిస్తే హెల్మెట్ ముందున్న గ్లాస్ (వైజర్) పైకెత్తి తాగండి. మొన్న ప్రొద్దుటూరు నుంచి వచ్చిన మా మేనల్లుడికి ఇదే చేయించాను. ఐదు నిమిషాల దగ్గర "బాగుంది మామా, బిల్లు కట్టేద్దాం" అన్నాడు. ఆగమన్నాను. పన్నెండో నిమిషంలో వేళ్లతో నుదురు రుద్దుకోవడం మొదలుపెట్టాడు. తీయించి చూస్తే కనుబొమ్మల పైన, సరిగ్గా నడిమధ్యలో, రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ. మచ్చ చుట్టూ చర్మం తెల్లబడి గీతలా ఉంది. పక్కన కణతల దగ్గర మాత్రం గుర్తే లేదు, వేలు దూరేంత సందు. సైజు సరైనదే, ఆకారం తప్పు. వాడి తల ముందునుంచి వెనక్కి పొడుగు, ఆ హెల్మెట్ లోపలేమో గుండ్రం.

గుర్తుపట్టేది ఇలాగే. నుదురు, వెనక తల నొప్పి, పక్కలు వదులు అయితే మీది పొడుగు తల, హెల్మెట్ గుండ్రం. కణతలు, చెవుల పైన నొప్పి, ముందు సందు అయితే మీది గుండ్రటి తల, హెల్మెట్ పొడుగు. రెండిట్లోనూ మందు సైజు పెంచడం కాదు, కంపెనీనో మోడలో మార్చడం. సైజు పెంచితే నొప్పి పోతుంది, దానితోపాటు పట్టూ పోతుంది. మా వాడికి అదే సైజులో నాలుగో మోడల్ సరిపోయింది. థర్మోకోల్‌ను చెంచాతో నొక్కి లోతు చేసి ఇచ్చే షాపులు ఉన్నాయి. ఎంత బతిమాలినా ఒప్పుకోకండి. నొక్కినచోట దెబ్బను ఆపే మందం ఇంక ఉండదు.

మచ్చ లేకపోతే కదిపి చూడండి. రెండు చేతులతో హెల్మెట్ పట్టుకుని, తల కదపకుండా కుడికి ఎడమకు తిప్పండి. బుగ్గల చర్మం, నుదుటి చర్మం హెల్మెట్‌తోపాటు కదలాలి. హెల్మెట్ ఒక్కటే జారిందంటే వదులు. కిందికి పైకి కూడా అంతే. నుదుటికీ హెల్మెట్‌కూ మధ్య చిటికెన వేలు కూడా దూరకూడదు. ఆఖరిది చాలా ముఖ్యం: బెల్టు బిగించి, వెనకనుంచి కింది అంచు పట్టుకుని ముందుకు ఎత్తమని పక్కనున్నవాళ్లకు చెప్పండి. కళ్లమీదికి దొర్లి ఊడిపోయేలా ఉంటే, అది ఎంత ఖరీదైనదైనా ప్రమాదంలో మీకంటే ముందు అది రోడ్డు మీద పడుతుంది. బెల్టు కింద ఒకటి రెండు వేళ్లు పట్టాలి, అంతకుమించి కాదు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ కూడా హెల్మెట్ పెట్టుకోమని ఊరుకోలేదు, బెల్టుతో తలకు గట్టిగా బిగించుకోమంది. నేను రెండు ఇనుప రింగుల డబుల్-డి బెల్టే కొంటాను, కొనిపిస్తాను. టక్కుమని పడే క్లిప్పులు దుమ్ముకు, చెమటకు అరిగి వదులవుతాయి. రింగుల్లో అరగడానికి ఏమీ లేదు.

చప్పుడు ఎక్కడినుంచి వస్తుందో చూడటం

సరిపోయిందని తేలాకే ఈ పని. గాలి ఎక్కువగా కిందనుంచి, గదవ దగ్గర, మెడ చుట్టూ ఉన్న సందులోంచి లోపలికి వస్తుంది. కాబట్టి మెడ దగ్గరి గుడ్డ చుట్ట మందంగా ఉండి, దవడ ఎముక కిందికి వచ్చి మెడను తాకాలి. గదవ కింద గుడ్డ తెర ఉంటే మంచిది. లేకపోతే తర్వాత మెడకు గొట్టంలాంటి బట్ట తొడుక్కోవచ్చు.

గ్లాస్ చుట్టూ రబ్బరు చూడండి. షాపు బిల్లు కాగితం గ్లాస్‌కూ రబ్బరుకూ మధ్య పెట్టి మూసి, లాగండి. చుట్టూ ఐదారు చోట్ల అలా చేయండి. ప్రతిచోటా కాగితం కాస్త పట్టుకోవాలి. జర్రుమని వచ్చేసిన చోట రోడ్డు మీద ఈల వస్తుంది. గ్లాస్ రంగులేనిదే తీసుకోండి, నల్లది రాత్రి గుంతలను దాచేస్తుంది. గాలి రంధ్రాల మూతలు గట్టిగా మూసుకోవాలి, ఊపితే టకటకలాడకూడదు. చెవుల దగ్గర స్పీకర్ల కోసం వదిలిన గుంత ఖాళీగా ఉంటే అది చిన్న గదిలా మోగుతుంది. దానికి స్పాంజి ముక్క ఇస్తారా అని అడగండి.

ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: ఈ మోడల్‌కు బయటి డొప్ప ఎన్ని సైజుల్లో వస్తుంది? ఒకే డొప్ప చేసి, లోపల స్పాంజి మందం మార్చి స్మాల్ నుంచి ఎక్స్ఎల్ దాకా అమ్మేవి ఉన్నాయి. చిన్న తలవాళ్లకు అందులో స్పాంజి లావుగా ఉంటుంది, త్వరగా అణుగుతుంది. పెద్ద డొప్పకు గాలి కూడా ఎక్కువ తగులుతుంది. రెండు మూడు డొప్పల్లో చేసేది కొంచెం ఖరీదైనా అదే కొనండి.

రోడ్డు మీద

మొదటి రోజు తెలిసిన ఖాళీ రోడ్డు మీద 60, 80 వేగాల్లో పోయి వినండి. చప్పుడు ఎక్కువనిపిస్తే ముందు బైకును అనుమానించండి. గాలిని ఆపే ముందు అద్దం (విండ్‌షీల్డ్) ఉన్న బైకుల్లో దాని పైఅంచు నుంచి చెదిరిన గాలి నేరుగా హెల్మెట్‌కు కొడుతుంది. నిటారుగా కూర్చున్నప్పటికి, కాస్త వంగినప్పటికి మధ్య చప్పుడు బాగా మారితే తప్పు అద్దానిది. దాన్ని ఎత్తో దించో సర్దండి.

ఎంత మంచి హెల్మెట్‌లోనైనా దూర ప్రయాణానికి స్పాంజి ఇయర్‌ప్లగ్‌లు కావాలి. అనంతపురం నుంచి కర్నూలు దాకా 150 కిలోమీటర్లు, నేను అవి లేకుండా పోను. వేళ్ల మధ్య సన్నగా చుట్టి, రెండో చేత్తో చెవిని పైకి, వెనక్కి లాగి లోపల పెట్టి, ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోవాలి. గాలి హోరు తగ్గుతుంది, లారీ హారన్ వినిపిస్తుంది. పాటల ఇయర్‌ఫోన్లు దీనికి బదులు కావు, హోరు మీద ఇంకో చప్పుడు పెట్టడమే అవుతుంది.

హెల్మెట్‌ను బైకు సైడు అద్దానికి తగిలించకండి, లోపలి థర్మోకోల్‌కు గుంత పడుతుంది. లోపలి గుడ్డ ఊడివచ్చేదైతే నెలకోసారి షాంపూ నీళ్లలో ఉతికి నీడలో ఆరబెట్టండి. గట్టిగా కింద పడి దెబ్బ తగిలితే, పైన గీత లేకపోయినా మార్చేయండి. థర్మోకోల్ ఒక్కసారే నలుగుతుంది. ఏ దెబ్బా తగలకపోయినా ఐదేళ్లకు కొత్తది కొనండి. తయారైన నెల, సంవత్సరం లోపలి స్టిక్కర్ మీద ఉంటాయి.

నెల తిరిగాక మళ్లీ అద్దం ముందు నిలబడి, పట్టుకుని కుడికి ఎడమకు తిప్పండి. చర్మం కదలకుండా హెల్మెట్ జారుతుంటే బుగ్గ ప్యాడ్లు అణిగినట్టు. చాలా కంపెనీలవి విడిగా, ఇంకొంచెం మందంలో దొరుకుతాయి. ఆషాఢం గాలి మొదలవకముందే వేయించుకోండి.