దసరాకు విత్తితే శివరాత్రికి హాలీహాక్ పూలు

హాలీహాక్ అంటే నిటారు కాడ పొడవునా పెద్ద పూలు పూసే మొక్క. నల్లగొండ, పాలమూరు వేసవికి ఇది తట్టుకోలేదు. ఇక్కడ దీన్ని చలికాలపు మొక్కగానే పెంచాలి. వానలు వెనుకపట్టాక, దసరా అటూఇటుగా విత్తనం పెట్టండి. జనవరిలో పెడితే కాడ సాగకముందే ఎండలు ముదురుతాయి.

రోజుకు 6 గంటల ఎండ తగిలే గోడవార చాలు. అసలు పని గుంతలో ఉంది. చెలక నేలల్లో కాస్త తవ్వగానే మొరం తగులుతుంది, దీని తల్లివేరేమో నిటారుగా దిగుతుంది. గడ్డపారతో అడుగున్నర లోతు తీసి, తీసిన మట్టిలో మూడో వంతు మాగిన పెంట, పిడికెడు వేపపిండి కలిపి నింపండి. పచ్చిపెంట వేస్తే చెదలు పడతాయి. గుంతల మధ్య అడుగున్నర ఎడం.

గుంతకు 3 గింజలు, అర సెంటీమీటరు లోతులో. నాలుగాకులు వచ్చాక బలమైనది ఉంచి మిగతావి కత్తిరించండి. పీకితే పక్క మొక్క వేరు కదులుతుంది. నారు పోసి నాటడం అచ్చిరానిదీ ఇందుకే.

నీళ్లు పొద్దున, మొదలు దగ్గరే. ఆకులు తడిస్తే తుప్పు తెగులు వస్తుంది: ఆకు పైన పసుపు చుక్కలు, తిప్పి చూస్తే ఇటుకరంగు పొక్కులు. కింది ఆకుల్లోనే మొదలవుతుంది. వాటిని తెంపి కాల్చెయ్యండి, కంపోస్టులో వెయ్యొద్దు. పైకి పాకితే లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబ్ (బూజు తెగుళ్ల మందు) కలిపి కొట్టాలి.

బెండ, పత్తి, మందార దీని కుటుంబమే. దగ్గర్లో పత్తి చేను ఉంటే తెల్లదోమ, పిండినల్లి తప్పవు. లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి ఆకుల అడుగున కొట్టండి.

మూడడుగులు దాటాక వెదురు కర్రకు వదులుగా కట్టండి.