పాత పికప్‌ను ఉంచుకోవాలా, కొత్తది కొనాలా: తేల్చుకోవడం ఎలా?

రిపేరు బిల్లు పట్టుకుని షెడ్డు ముందు నిలబడితే చాలు, పక్కనున్నవాళ్లలో ఎవరో ఒకరు అనేస్తారు: "బండి విలువకంటే రిపేరు ఖర్చే ఎక్కువైంది, ఇంకా దీన్ని పట్టుకుని ఎందుకండీ వేళ్లాడటం?" వినడానికి సబబుగానే ఉంటుంది. అయితే అది బండిని అమ్మేవాడి లెక్క. నడుపుకునేవాడికి కావలసిన లెక్క వేరు: ఇప్పుడు పెట్టే ఈ డబ్బుతో ఇంకా ఎన్ని నెలల నమ్మకమైన పని వస్తుంది? అదే పని కొత్త బండితో చేయించుకుంటే నెలకు ఎంత పడుతుంది? ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టాలి. బిల్లు వచ్చిన రోజున మాత్రం ఏమీ తేల్చకండి. ఆ రోజు కోపం మాట్లాడుతుంది. షోరూమ్‌కు వెళ్లిన రోజున కూడా తేల్చకండి, ఆ రోజు మాట్లాడేది కొత్త సీట్ల వాసన.

1. ఏడాది ఖర్చులు ఒక కాగితం మీద రాయండి

గడిచిన 12 నెలల బిల్లులన్నీ వెతికి తీయండి. వాటిని రెండు భాగాలు చేయండి. టైర్లు, బ్యాటరీ, ఇంజన్ ఆయిలు, ఫిల్టర్లు, బ్రేకు లైనింగులు ఒకవైపు. ఇవి ఏ బండికైనా తప్పవు, కొత్తదానికైనా నాలుగు రోజులు ఆలస్యంగా మొదలవుతాయి, అంతే. క్లచ్, రేడియేటర్, ఇంజెక్టర్లు, గేరుబాక్సు వంటివి రెండో వైపు. పాతబడినందుకు మీరు కడుతున్న పన్ను అసలు ఈ రెండో భాగమే. చాలామంది రెండూ కలిపేసి, టైర్లు మార్చిన ఏడాది బండిని అమ్మేస్తారు. కొత్త టైర్ల సుఖం కొన్నవాడికి దక్కుతుంది.

ఆ పక్కనే ఇంకొక అంకె వేయండి: బండి పనికి రాకుండా షెడ్డులో నిలిచిన రోజులు. పికప్ మీద బతుకుతెరువు ఉన్నవారికి రిపేరు బిల్లుకంటే ఈ అంకే ముఖ్యం. పొలానికో, ఇంటి అవసరానికో వారానికి రెండుసార్లు తీసేవారు దీన్ని పట్టించుకోకపోయినా ఫర్వాలేదు.

ఇప్పుడు కొత్త బండి వైపు చూడండి. నెల వాయిదా, వడ్డీ, పెరిగే బీమా అందరికీ కనిపిస్తాయి. కనిపించనిది విలువ పడిపోవడం. కొత్త వాహనం మొదటి ఏడాదిలోనే సుమారు ఐదో వంతు విలువ పోగొట్టుకుంటుందన్నది వ్యాపారంలో అందరూ వాడే లెక్క. పాత బండి పడాల్సినంత ఎప్పుడో పడిపోయింది, ఇంకా పడటానికి పెద్దగా ఏమీ లేదు. ఆ లాభం ఏ బిల్లులోనూ రాసి ఉండదు కనుక మనం దాన్ని లెక్కలోకి తీసుకోము.

2. బండి కిందికి దూరండి

నన్నడిగితే తీర్పు ఇక్కడే వస్తుంది. పికప్ కారులాంటిది కాదు. చాలా పికప్‌లలో క్యాబిన్, తొట్టి, ఇంజన్ అన్నీ నిచ్చెన ఆకారంలో ఉండే ఉక్కు ఛాసిస్ మీద బిగించి ఉంటాయి. ఇంజన్ పాడైతే బోరు చేయించవచ్చు, గేరుబాక్సు మార్చవచ్చు, క్యాబిన్ తలుపు తుప్పు పడితే మరొకటి వేసుకోవచ్చు. ఛాసిస్ కుళ్లితే మాత్రం బండి అయిపోయినట్టే.

పాత బట్టలు వేసుకుని, బండిని చదునైన చోట ఆపి, చక్రాలకు అడ్డుపెట్టి, ఒక చిన్న సుత్తి, ఒక లావు స్క్రూడ్రైవర్, టార్చి తీసుకుని కిందికి వెళ్లండి. జాకీ ఒక్కటే ఆధారంగా ఉన్న బండి కిందికి ఎప్పుడూ వెళ్లకండి. ముందు వైర్ బ్రష్‌తో మట్టి రాల్చండి. తర్వాత ఛాసిస్ పొడవునా ప్రతి జానెడు దూరానికి సుత్తితో తట్టుతూ వెళ్లండి. బాగున్న ఉక్కు ఖంగుమంటుంది, చేతికి ఎదురు తన్నుతుంది. తుప్పు తినేసిన చోట శబ్దం మొద్దుబారి, పెచ్చులు మొహం మీద రాలతాయి. అలాంటి చోట స్క్రూడ్రైవర్ మొన పెట్టి గట్టిగా నొక్కండి. పైపైన ఎర్రటి పొడి ఉంటే భయం లేదు, గోకి రంగు వేస్తే సరిపోతుంది. పొరలు పొరలుగా ఊడుతుంటే లోహం మందం తగ్గిందని అర్థం, వెల్డింగు బాగా తెలిసినవారికి చూపించాలి. మొన లోపలికి దిగిపోతే ఆ చోట ఇక ఛాసిస్ లేదు, రంగు మాత్రమే ఉంది.

ముఖ్యంగా చూడాల్సిన చోట్లు: వెనక ఇరుసు పైన ఛాసిస్ వంపు తిరిగే భాగం, కమాను పట్టీలను పట్టి ఉంచే బ్రాకెట్లు, స్టెప్నీ టైరు దాగి ఉండే అడ్డపట్టీ. డబ్బా ఆకారపు ఛాసిస్ అయితే నీళ్లు పోయే రంధ్రాల్లో వేలు పెట్టండి. బురద గట్టిపడి అవి మూసుకుపోతే తేమ లోపలే నిలిచి, బయట రంగు చెక్కుచెదరకుండానే లోపలినుంచి తినేస్తుంది. బ్రేకు పైపులు కూడా ఉక్కువే కనుక వాటినీ తడిమి చూడండి. సముద్రపు గాలి తగిలే చోట, మంచు కరగడానికి ఉప్పు చల్లే రోడ్ల మీద తిరిగిన బండికి ఈ పరీక్ష తప్పనిసరి.

ఇంజన్‌కు ఎంత మంచి పేరున్నా ఈ జబ్బు రాదని కాదు. టయోటా టకోమా, టండ్రా పికప్‌ల ఛాసిస్ తుప్పు మీద అమెరికాలో నడిచిన దావాలో కంపెనీ 2016లో రాజీకి వచ్చి, బండ్లను తనిఖీ చేసి అవసరమైన వాటికి ఛాసిస్ మార్చడానికి ఒప్పుకుంది. మొండి బండ్లని పేరు పడినవాటి సంగతే అది.

కిందనుంచి బయటికి వచ్చేముందు కమాను పట్టీలు కూడా చూడండి. ఒక ఆకు విరిగినా, ఖాళీ బండి ఒక పక్కకు ఒరిగినా పట్టీలు మార్చాలి. ఇది చిన్న పనే, దీని కోసం బండి అమ్ముకోనక్కర్లేదు.

3. ఇంజన్‌ను చల్లగా ఉన్నప్పుడు పరీక్షించండి

రాత్రంతా ఆగిన బండిని పొద్దున్నే స్టార్టు చేయండి. వేడెక్కిన ఇంజన్ తన జబ్బులు దాచుకుంటుంది. పొగ నీలంగా వస్తే ఆయిలు కాలుతోంది. తెల్లటి పొగ ఇంజన్ వేడెక్కాక కూడా ఆగకుండా తియ్యటి వాసన వేస్తే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం (కూలెంట్) సిలిండర్‌లోకి పోతోంది, అంటే ఇంజన్ బ్లాకుకూ దాని పై భాగానికీ మధ్య బిగించే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం. నల్లటి పొగ గాలి తక్కువైందనో, ఇంధనం ఎక్కువైందనో చెబుతుంది. చాలాసార్లు అది ఎయిర్ ఫిల్టర్‌తోనో, ఇంజెక్టర్లతోనో పోయే సమస్య.

ఇంజన్ తిరుగుతుండగా ఆయిలు పోసే మూత జాగ్రత్తగా తీయండి. కాస్త ఆవిరి మామూలే. రైలింజన్‌లా పొగ తన్నుకొస్తే పిస్టన్ రింగులు అరిగాయి. మూత అడుగున మజ్జిగలాంటి నురగ ఉంటే ఆయిల్లో నీళ్లు చేరి ఉండవచ్చు. చలికాలంలో చిన్న దూరాలకే తిప్పే బండిలో ఆవిరి పేరుకుని కూడా అలా కనిపిస్తుంది కనుక ఆయిలు మట్టం చూసే కడ్డీని (డిప్‌స్టిక్) కూడా చూడకుండా నిర్ధారించకండి.

తర్వాత మెకానిక్‌తో సిలిండర్లలో ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ పరీక్ష చేయించండి. సిలిండర్ల రీడింగులు దగ్గరదగ్గరగా ఉంటే మంచిది. ఎక్కువకూ తక్కువకూ తేడా 10-15 శాతం దాటితే తక్కువ వచ్చిన సిలిండర్‌కు పని ఉంది. ఆయిలు ఎంత తాగుతోందో తెలుసుకోవడానికి ఇంకా సులువైన దారి ఉంది: గుర్తుదాకా నింపి, 1,000 కిలోమీటర్లు తిప్పి, మళ్లీ కొలవండి.

టైమింగ్ బెల్టు (వాల్వులు, పిస్టన్లు ఒకే లయలో కదిలేలా చూసే బెల్టు) ఉన్న ఇంజన్ అయితే అది చివరిసారి ఎప్పుడు మార్చారో కనుక్కోండి. ఎవరూ చెప్పలేకపోతే మార్చలేదనే అనుకోండి. చాలా ఇంజన్లలో అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. చిన్న బెల్టు పెద్ద ఓవర్‌హాల్ తెచ్చిపెడుతుంది.

4. మైలేజీ లెక్క మళ్లీ వేయండి

"కొత్తది లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఎక్కువ ఇస్తుంది" అనే మాటకు విలువ మీ పాత బండి ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. నెలకు 1,200 కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. లీటరుకు 8 ఇచ్చే బండి 150 లీటర్లు తాగుతుంది, 12 ఇచ్చేది 100 లీటర్లు. ఆదా 50 లీటర్లు. అదే 12 నుంచి 16కు వెళితే 100 లీటర్లు 75 అవుతాయి, ఆదా 25 మాత్రమే. పెరిగిన మైలేజీ అంతే, మిగిలింది సగం. ఇక నెలకు 300 కిలోమీటర్లే తిరిగేవారికి 8 నుంచి 12కు మారినా మిగిలేది పన్నెండున్నర లీటర్లు. ఆ ఆదాతో వాయిదా కట్టడం కుదరని పని.

5. భద్రత విషయంలో పాత బండికి మినహాయింపు ఇవ్వకండి

పాత బండిని వెనకేసుకొచ్చే నాలాంటివాళ్లు ఇక్కడ నోరు మూసుకోవాలి. బ్రేకులు కొత్తవి వేయవచ్చు, దీపాలు మార్చవచ్చు. ఎయిర్‌బ్యాగులు, ఢీకొన్నప్పుడు నలిగి దెబ్బను పీల్చుకునే ముందు భాగం, బండి జారినప్పుడు ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేకు వేసి దారిలో నిలిపే స్థిరత్వ నియంత్రణ వ్యవస్థ మాత్రం తర్వాత తగిలించగలిగేవి కావు. ఈ స్థిరత్వ వ్యవస్థను అమెరికాలో 2012 మోడళ్లనుంచి తేలికపాటి వాహనాలన్నిటికీ తప్పనిసరి చేశారు. ఖాళీ పికప్ వెనక భాగం తేలికగా ఉంటుంది, తడిరోడ్డు మలుపులో తోక తిప్పుతుంది, కాబట్టి ఇది కార్లకంటే పికప్‌లకే ఎక్కువ అవసరం.

రోజూ హైవే మీద వేగంగా వెళ్లేవారు, ఇంట్లో కొత్తగా డ్రైవింగు నేర్చినవారికి తాళం ఇచ్చేవారు పై లెక్కలన్నీ పక్కనపెట్టి ఈ ఒక్క కారణంతో బండి మార్చినా తప్పులేదు.

6. కొత్తదానికీ రోగాలుంటాయని గుర్తుంచుకోండి

ఈ కాలపు డీజిల్ పికప్‌లలో పొగమసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది నిండాక సుమారు 600 డిగ్రీల వేడిలో మసిని కాల్చుకుని శుభ్రపడుతుంది. దానికి బండి కొంతసేపు ఆగకుండా పరిగెత్తాలి. రోజూ మూడు, నాలుగు కిలోమీటర్లు వెళ్లి ఆపేసేవారికి ఆ అవకాశం రాదు, ఫిల్టర్ మూసుకుపోతుంది, హెచ్చరిక దీపం వెలుగుతుంది. కొన్నిటిలో పొగలోని విషవాయువులను తగ్గించే యూరియా ద్రవం కూడా పోస్తూ ఉండాలి, అయిపోతే బండి మళ్లీ స్టార్టు కాని మోడళ్లున్నాయి. మీ తిరుగుడు చిన్న దూరాలదే అయితే పెట్రోలు బండి చూసుకోండి.

తొట్టిని కూడా టేపుతో కొలవండి. నాలుగు తలుపుల క్యాబిన్ వచ్చిన చోటల్లా తొట్టి పొట్టిదైంది, అంచు ఎత్తు పెరిగింది. బస్తాలు మోసేవాడి నడుముకు ఆ ఎత్తు తెలుస్తుంది.

7. తేల్చండి

ఛాసిస్‌లో స్క్రూడ్రైవర్ దిగితే ఇక రిపేరుకు పైసా పెట్టకండి. ఛాసిస్ గట్టిగా ఉండి ఇంజన్ అరిగితే, విడిభాగాలు సులువుగా దొరికే మోడల్ అయితే, ఓవర్‌హాల్ గురించి ధైర్యంగా ఆలోచించండి. రెండూ బాగుంటే ఉంచుకోండి. ఊగిసలాట తీరకపోతే ఒక పని చేయండి: కొత్త బండికి కట్టాల్సిన వాయిదా మొత్తాన్ని ఆరు నెలలు వేరే ఖాతాలో వేయండి. మూడో నెలకే చేతులెత్తేస్తే వాయిదా మీ తాహతుకు మించినదని ముందే తెలిసింది. ఆరు నెలలూ వేయగలిగితే రిపేరుకో, కొత్తదానికి మొదటి చెల్లింపుకో డబ్బు సిద్ధంగా ఉంటుంది.

ఉంచుకోవాలనుకుంటే ముందు ద్రవాలు మార్చండి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీలదాకా మరగదు, నీరు పట్టాక ఆ హద్దు 155కు దిగుతుంది. లోడుతో ఘాట్ దిగుతుంటే బ్రేకుల వేడికి ఆయిలు మరిగి, పెడల్ మెత్తగా లోపలికి పోయేది అందుకే. రెండేళ్లకోసారి మార్చండి. ఆ వెంటనే కూలెంట్, గేరు ఆయిలు, ఇరుసు ఆయిలు, పగుళ్లు పట్టిన రబ్బరు గొట్టాలు.

కొత్తది అంటే షోరూమ్‌దే కానక్కర్లేదు. మూడు, నాలుగేళ్లు వాడినదైతే విలువ పడిపోయే భారం మొదటి యజమాని మోసేసి ఉంటాడు. దాని కిందికి కూడా అదే సుత్తితో దూరండి. ఛాసిస్‌కు నిగనిగలాడే నల్లరంగు కొత్తగా వేసి ఉంటే రెండుసార్లు తట్టండి. టైరు పక్కన ఉండే గుర్తులో చివరి నాలుగు అంకెలు చదవండి: 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది. నిన్ననే టైర్లు మార్చామని చెప్పేవారు ఆ నాలుగు అంకెల దగ్గర కాస్త తడబడతారు.