బేబీ కాట్ కొనేటప్పుడు కూల్‌డ్రింక్ టిన్ను వెంట తీసుకెళ్లండి

మన కావలి, ఒంగోలు వైపు ఇళ్లల్లో ఇప్పుడు ఉయ్యాలతో పాటు చుట్టూ ఊచలుండే బేబీ కాట్ కూడా కొంటున్నారు కదా. షాపులో పాలిష్ మెరుపు చూసి డబ్బులు ఇచ్చేయకుండా ముందు ఊచల సందు చూడండి. రెండు ఊచల మధ్య 6 సెంటీమీటర్లు దాటకూడదు, దాటితే బిడ్డ ఒళ్లు అందులోంచి జారిపోయి తల ఇరుక్కునే ప్రమాదం ఉంది. టేపు లేకపోతే మామూలు లావు కూల్‌డ్రింక్ టిన్ను పెట్టి చూడండి, దూరిందంటే ఆ కాట్ వద్దు. వడ్రంగి చేత చేయిస్తుంటే ఈ కొలత మొదటే చెప్పేయండి, తర్వాత ఊచలు మార్చమంటే ఎవరూ మార్చరు.

ఒక వైపు ఊచల చట్రం కిందికి జారే రకం కాట్ అసలు తీసుకోకండి, అమెరికాలో 2011లోనే వాటి అమ్మకం ఆపేశారు. చుట్టాలిచ్చే పాత కాట్ అయితే రంగు కూడా అనుమానమే, మన దగ్గర ఇంటి రంగుల్లో సీసానికి (లెడ్ అనే విషలోహం) 90 పీపీఎం, అంటే పది లక్షల్లో 90 వంతుల హద్దు 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది.

పరుపు గట్టిగా ఉండాలి, అంచున రెండు వేళ్లు దూరేంత ఖాళీ ఉండకూడదు. లోపల బొమ్మలు, చుట్టూ మెత్తలు, దిండు ఏవీ వద్దు. ఆవాల దిండు లేకపోతే తల సొట్టపోతుందని అమ్మమ్మలు గట్టిగానే వాదిస్తారు, అయినా పెట్టకండి, ఊపిరాడకపోవడం కంటే సొట్ట నయం. పడుకోబెట్టేది వెల్లకిలానే. దోమతెర బిగుతుగా కట్టండి, బిడ్డ చేతికి అందేలా వేలాడనీయకండి.