కండరాల పేర్లు గుర్తుండకపోతే

స్ట్రెంత్ కోచ్ అవుదామని ఎక్సర్‌సైజ్ సైన్స్ చదివేవాళ్లకి మొదటి టెన్షన్ అనాటమీయే. ఏ కండరం ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంటుందో రాత్రి బట్టీ పట్టినా తెల్లారేసరికి ఎగిరిపోతుంది. నాకు పనికొచ్చిన పద్ధతి ఇది.

రోజుకి ఐదు కండరాలే పెట్టుకోండి. ముందు వాటిని సొంత ఒంటి మీదే తడిమి చూడాలి. తొడ వెనక కండరాలనే తీసుకోండి. కుర్చీలో కూర్చుని, మోకాలు 90 డిగ్రీలు వంచి, మడమని నేలకి నొక్కి వెనక్కి లాగుతున్నట్టు బిగపట్టండి. మోకాలి వెనక రెండు పక్కలా తాళ్లలాంటివి లేస్తాయి. బయటి వైపుది బైసెప్స్ ఫెమోరిస్, అది ఫిబులా (మోకాలి కింద బయటి వైపు ఉండే సన్న ఎముక) తలకి, అంటే దాని పై చివరకి అతుక్కుంటుంది. లోపలి వైపు సన్నగా, గట్టిగా తగిలేది సెమీటెండినోసస్, అది టిబియా (మోకాలి కింద ముందుండే పెద్ద ఎముక) పైభాగంలో లోపలి వైపుకి పోతుంది. పాదం బయటికి తిప్పితే బయటి తాడు, లోపలికి తిప్పితే లోపలిది ఇంకా బిగుస్తుంది. ఒకసారి వేలికి తగిలాక నాకు మళ్లీ తికమక పడే పని రాలేదు.

మర్నాడు మెట్రోలో మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా పది స్టేషన్లు. రెండు స్టేషన్లకి ఒక కండరం చొప్పున పేరు, మొదలు, చివర, చేసే పని పుస్తకం తెరవకుండా చెప్పుకోవాలి. తట్టనిదాన్ని తర్వాతి రోజు ఐదులో కలపాలి.

సోయాస్, పాప్లిటియస్ లాంటి లోపలి కండరాలు ఇలా చేతికి దొరకవు. వాటికి బొమ్మ గీసుకోవడమే దారి. ఇంకోటి, మడమ మరీ గట్టిగా నొక్కితే తొడ పట్టేస్తుంది, ఐదు సెకన్లు చాలు.