ఒంటరి కోడిపిల్ల పెంపకం – 2వ పాఠం: మొదటి మూడు రోజులు

పోయిన పాఠంలో సిద్ధం చేసుకున్న అట్టపెట్టెలో ఊక మీద ముతక గోనెపట్టా పరవండి. పట్టా లేకపోతే పిల్ల ఊకనే మేతనుకుని మింగుతుంది. న్యూస్‌పేపరు మాత్రం వేయొద్దు. నున్నటి కాగితం మీద కాళ్లు చెరోవైపు జారి, తొడలు అలాగే బిగిసిపోతాయి.

పెట్టెకు ఒక చివర మాత్రమే 60 వాట్ల పాతరకం బల్బు తీగతో గట్టిగా కట్టండి. ఊకలో పడితే నిప్పంటుకుంటుంది. ఎల్‌ఈడీ వెలుగిస్తుందే గాని వేడినివ్వదు. బల్బు కింద, పిల్ల వీపు ఎత్తులో 35 డిగ్రీలుండాలి. వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి. కరెంటు పోతే వేడినీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి.

పది పిల్లలుంటే గుంపును చూసి చలో వేడో చెప్పేయొచ్చు. ఒక్కటే ఉన్నప్పుడు ఆ ఆనవాలు దొరకదు. చలేసినా, ఆకలేసినా, తోడు లేకపోయినా అదే కీచుమనే అరుపు. ముందు కాళ్లు ముట్టి చూడండి. చల్లగా ఉంటే బల్బును కిందికి దించాలి. కాళ్లు వెచ్చగా ఉండి, మీ గొంతు వినగానే ఊరుకుంటే అది తోడు కోసం అరిచినట్టే. బల్బుకు దూరంగా జరిగి, నోరు తెరిచి, రెక్కలు వేలాడేస్తే వేడి ఎక్కువైంది. అరుపు విన్నప్పుడల్లా వేడి పెంచడమే అందరూ చేసే పొరపాటు.

తోడు కోసం చిన్న అద్దం నేలకు ఆనించి నిలబెట్టండి. మెత్తటి పాత తువ్వాలు ముక్కను తల్లి రెక్కలా వేలాడదీస్తే కింద దూరి పడుకుంటుంది. అంచు పోగులు వేళ్లకు చుట్టుకుంటాయి, కత్తిరించేయండి. ఊళ్లో పిల్లలున్న తల్లికోడి దొరికితే మాత్రం ఇదంతా అక్కర్లేదు. ఈ మూడు రోజుల్లోనే, రాత్రి చీకట్లో, దాని రెక్క కింద పెట్టి చూడండి. తెల్లారి పొడుస్తుంటే వెంటనే తీసేయాలి.

గుడ్డులోని పచ్చసొన కడుపులో ఉంటుంది కాబట్టి పిల్ల రెండు రోజులు తిండి లేకున్నా తట్టుకుంటుంది. కంగారుపడి నోట్లో కుక్కకండి. ముందు నీళ్లు: గోరువెచ్చటి నీళ్లలో ముక్కు కొన మాత్రమే ఒకసారి ముంచండి, ముక్కు రంధ్రాలు మునగకూడదు. సీసా మూతలో గులకరాళ్లు వేసి నీళ్లు పోస్తే మునిగిపోదు. తర్వాత చిక్ స్టార్టర్ (చిన్నపిల్లలకు పెట్టే మొదటి) దాణా గోనె మీద చల్లి, తల్లి ముక్కుతో పొడిచినట్టు వేలితో టకటకా కొట్టండి. ఒక్కపిల్లకు చూసి నేర్చుకునే దిక్కు మీ వేలే. బియ్యపు నూకలతోనే సరిపెడితే మాంసకృత్తులు చాలక కాళ్లు బలహీనపడతాయి. గుడ్లుపెట్టే కోళ్ల దాణాలో సున్నం ఎక్కువ, మూత్రపిండాలు చెడతాయి.

రోజుకు రెండుసార్లు పిల్ల వెనక భాగం చూడండి. రెట్ట ఎండి అంటుకుంటే దారి మూసుకుని పిల్ల చచ్చిపోతుంది. గోరువెచ్చటి నీటి దూదితో నానబెట్టి తుడిచి, బల్బు కింద ఆరనివ్వండి. పొట్ట కింద కనిపించే నల్లటి చెక్కు బొడ్డు. దాన్ని లాగొద్దు.

ఇక 5–7 రోజుల మధ్య కొక్కెర తెగులు (రాణిఖెట్) టీకా చుక్క వేయాలి. సీసాలో వంద కోళ్లకు సరిపడా మందుంటుంది, మనకు కావలసింది ఒక్క చుక్క. దాని సంగతి 3వ పాఠంలో.